నిర్భయత్వమే సమత్వమునకు మూలము

అన్యాయమును కన్నులార చూచియు పెక్కుమంది నోరు మెదపరు. న్యాయమెరుగక కాదు, భయము వలన. ఆ భయమును జయించు బలము మానవునకు ఎచ్చట లభించును? రాయలసీమలో జన్మించిన తాళ్లపాక అన్నమాచార్యుల జీవితము ఇందులకు సమాధానమై యున్నది.

కడప సీమలో రాజంపేట చెంతనున్న తాళ్లపాక ఆయన జన్మస్థలము. కర్నూలు సీమలోని అహోబిలమున ఆదివన్ శఠగోపయతి సన్నిధిని ఆయన వేదాంతము నభ్యసించెనని సంప్రదాయము. అహోబిలము ప్రహ్లాదవరదుని క్షేత్రము. తండ్రియే ప్రభువై హింసించినను సత్యమును విడువని బాలుని చరిత్రను యాత్రికులు నేటికిని అచ్చట స్మరించుచుందురు.

అన్నమాచార్యులకును అట్టి పరీక్షయే ఎదురైనది. మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రము ననుసరించి, సాళువ నరసింహరాయలు తనపై సంకీర్తన చెప్పుమని కోరెను. శ్రీహరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తింపజాలనని ఆచార్యులు నిరాకరించిరి. రాజు సంకెలలు వేయించెను. ఆచార్యులు శ్రీనివాసుని శరణు వేడగా సంకెలలు వీడిపోయెను. రాజు పశ్చాత్తప్తుడై క్షమాపణ కోరెను.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. రాజాజ్ఞకు లొంగని ఆ మహనీయుడే, లోకము హీనులని త్రోసివేసిన వారిని హీనులుగా చూడలేదు. ప్రభువు నిద్రకును సేవకుని నిద్రకును భేదము లేదనియు, సర్వజీవులకు అంతరాత్మ శ్రీహరి యొక్కడే యనియు సంకీర్తనమున చాటెను. ఈ రెండు గుణములు వేరువేరు కావు. భగవంతుని మాత్రమే అధికునిగా నెంచువానికి పైన భయపడవలసిన వాడు లేడు. క్రింద తృణీకరింపదగిన వాడును లేడు. బలవంతుని యెదుట వణకువాడే తరచుగా బలహీనునిపై గర్జించుచుండును.

అన్నమాచార్యులు క్రీ.శ. 1503లో పరమపదించిరి. కడప, కర్నూలు జిల్లాలు మదరాసు రాష్ట్రమున నున్న కాలములో, 1947లో వెలువడిన ఆలయప్రవేశ చట్టము హరిజనులకు కోవెల తలుపులు తెరచెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. చట్టము హక్కు నొసగును. కాని ఊరిబావికడ ఒకనిని దూరముగా నిలిపినప్పుడు, “ఇతడును మనవంటివాడే, నీరు తోడుకొననిండు” అని పదిమంది యెదుట పలుకుటకు గుండెదిటవు కావలెను. ఆ మాట పలికినవాడు బంధువుల కోపమునకు గురికావచ్చును. పొలము పనులకు కూలీలు దొరకక నష్టపడవచ్చును. అన్నమాచార్యులకును సంకెలలు తప్పలేదు గదా!

కావున శరణాగతి యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. ఫలమును స్వామికి విడిచి, ధర్మమును తాను నెరవేర్చుట. సన్నిధిలో అభయహస్తమును దర్శించిన భక్తుడు, ఊరు చేరిన పిదప ఒక దీనునకైనను ఆ అభయమును పంచి ఇచ్చినచో అతని యాత్ర సఫలము.