పాప ఇంకా టాటా చెప్పడం లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు పది నెలలు. నెలలు నిండకుండా 34వ వారంలో పుట్టింది. పాకుతోంది, పట్టుకుని నిలబడుతోంది, ‘తాతాతా’ అంటోంది. కానీ ఎంత నేర్పినా టాటా మాత్రం చెప్పదు. మా తోడికోడలి బాబు ఎనిమిదో నెలలోనే చెప్పేశాడు. పాప వాళ్ల నాన్న దుబాయ్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా చెయ్యి పట్టుకుని ఊపిస్తున్నాం. పరీక్షలేమైనా చేయించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు వయసు లెక్క సరిచూద్దామమ్మా. 40 వారాలకు రావాల్సిన పాప ఆరు వారాలు ముందొచ్చింది. రెండేళ్లు నిండేదాకా ఎదుగుదలను ఆ ఆరు వారాలు తీసేసే చూడాలి. అంటే ఈ విషయంలో మీ పాప వయసు ఎనిమిదిన్నర నెలలే. టాటా మామూలుగా 9 నుంచి 12 నెలల మధ్య వస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో దీన్ని ఏడాది వయసు కింద చేర్చారు. నూటికి కనీసం 75 మంది పిల్లలు ఆ వయసుకి చేయగలిగినవే అందులో ఉంటాయి. కాబట్టి ఇప్పుడు పరీక్షలు అక్కర్లేదు.

చెయ్యి ఊపడం మనకు చిన్న పనే. పాపకు మాత్రం ఎదుటి మనిషిని గమనించాలి, ఆ కదలికను తన చేతిలోకి తెచ్చుకోవాలి, ఎవరో వెళ్లిపోతున్నారని గ్రహించాలి. అందుకే చాలామంది పిల్లలు అత్తయ్య వీధి మలుపు తిరిగాక తీరిగ్గా ఊపుతారు. కొందరు అరచెయ్యి తమ వైపే పెట్టుకుని ఊపుతారు. మొదట్లో రెండూ మామూలే.

చెయ్యి పట్టి ఊపించడం తగ్గించండి. మీరు ఊపి, పాప ముఖం చూస్తూ కాసేపు ఆగండి. మనవాళ్లు ఆ ఆగడం ఒక్కటీ చేయరు, వెంటనే ‘చెప్పమ్మా, చెప్పమ్మా’ అంటారు! చప్పట్లు, తారంగం, దోబూచులాట కూడా ఇదే పాఠం నేర్పుతాయి. నాన్న కాల్ మానొద్దు. కానీ ఈ వయసులో ఫోన్‌లో బొమ్మకన్నా గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న తాతయ్యే మంచి గురువు.

టాటా ఒక్కదాన్నే పట్టుకోకండి. పేరు పిలిస్తే తిరుగుతోందా? ఎత్తుకోమని చేతులు చాస్తోందా? మీ కళ్లలోకి చూసి నవ్వుతోందా? సరిచేసిన వయసు ఏడాది నిండినా ఇలాంటి సైగలేవీ లేకపోతే, పిలుపుకు పలక్కపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. వచ్చిన విద్య ఏదైనా పోతే మాత్రం వయసుతో పని లేదు, వెంటనే రండి. అన్నట్టు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వినికిడి పరీక్ష తప్పనిసరి. పుట్టినప్పుడు చేశారో లేదో డిశ్చార్జ్ కాగితాల్లో చూడండి. లేకుంటే ఇప్పుడే చేయించండి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లో (డైక్) ఎదుగుదల పరీక్షలు ఉచితం.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిది నెలలు. ఎప్పుడూ ఎడమ చేత్తోనే టాటా చెప్తాడు, బొమ్మలూ దాంతోనే అందుకుంటాడు. ఎడమచేతి వాటమా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: చేతివాటం ఇంత త్వరగా తేలదు. ఏడాదిలోపు పిల్లలు రెండు చేతులూ దాదాపు సమానంగా వాడాలి. బొమ్మను కుడివైపు పెట్టి చూడండి. అప్పుడూ ఎడమచెయ్యే అడ్డంగా చాపుతున్నా, కుడి పిడికిలి ఎప్పుడూ బిగిసే ఉంటున్నా కుడిచేతిలో బలహీనత ఉందేమో పరీక్షించాలి. ఈ వారంలోనే చూపించండి.