ఆమేన్ అను మాట

పఠనము: నెహెమ్యా 5:1–13



మన సంఘములలో చదువు వచ్చినవారును రానివారును, వృద్ధులును పసిబిడ్డలును ఒక్క రీతిగా పలుకు మాట ఆమేన్. ప్రార్థన ముగిసినదనుటకు గుర్తుగా మాత్రమే దీనిని ఎంచువారు మనలో పెక్కుమంది కలరు. ఈ మాట ఎక్కడ పుట్టినదో, దీనిని పలుకువాడు దేనికి ఒప్పుకొనుచున్నాడో ఈ నెల ధ్యానింతము.

ఆమేన్ హెబ్రీ మాట. స్థిరముగా నుండుట, నమ్మదగియుండుట అను అర్థముగల ధాతువునుండి ఇది వచ్చినది. అబ్రాహాము యెహోవాను నమ్మెనని ఆదికాండము 15:6లో చదువుచున్నాము గదా. మూలభాషలో నమ్మెను అనుచోట ఈ ధాతువే యున్నది. అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే చేతులు బరువెక్కగా అహరోనును హూరును చెరియొక ప్రక్కను నిలిచి వాటిని ఆదుకొనిరి. ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులు నిలుకడగా నుండెను (నిర్గమ. 17:12). ఆ నిలుకడను తెలుపు హెబ్రీ మాటయు ఈ ధాతువునుండి పుట్టినదే. కాబట్టి ఆమేన్ అనగా ఇది నిజము, ఇది స్థిరము, ఆలాగే జరుగును గాక అని భావము. క్రొత్త నిబంధన గ్రీకులో వ్రాయబడినప్పుడును, అది లాటిను, సురియాని, తెలుగు మొదలగు భాషలలోనికి వచ్చినప్పుడును ఈ మాట చాలచోట్ల మారక అట్లే నిలిచినది.

ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో లేవీయులు శాపవాక్యములను బిగ్గరగా చెప్పవలెననియు, ఒక్కొక్కదానికి జనులందరు ఆమేన్ అనవలెననియు ఆజ్ఞ కలదు. అట్లు 12 మారులు అనవలెను. పొరుగువాని గట్టురాయి జరుపువాడు, గ్రుడ్డివానికి త్రోవ తప్పించువాడు, పరదేశికిని తండ్రిలేనివానికిని విధవరాలికిని అన్యాయపు తీర్పు తీర్చువాడు ఆ శాపములలో చెప్పబడిరి. గట్టురాయి జరిపినవాడొకడు ఆ గుంపులో నిలిచి అందరితోపాటు ఆమేన్ అనినయెడల, తన నోటితోనే తన మీదికి తీర్పు తెచ్చుకొన్నవాడగును. ఇక్కడ ఆమేన్ అనుట ప్రమాణము చేయుటయే.

నెహెమ్యా కాలమున, అనగా క్రీ.పూ. 445 ప్రాంతమున, యెరూషలేములో జరిగిన సంగతి చూడుడి. కరవు వచ్చెను, రాజునకు పన్ను కట్టవలసి వచ్చెను. బీదలు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిరి. కొందరు తమ బిడ్డలను దాసత్వమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు పరదేశులు కారు, స్వజనులే. నెహెమ్యా వారిని సమాజము ఎదుట నిలువబెట్టి, పొలములను, తీసికొనిన నూరవ వంతును తిరిగి ఇయ్యవలెనని చెప్పెను. వారు సమ్మతించిరి. అప్పుడతడు తన ఒడి దులిపి, మాట తప్పువానిని దేవుడు ఈలాగు దులిపివేయునని చెప్పగా, సమాజమంతయు ఆమేన్ అనెను. ఆ తరువాతి మాట మరువరాదు. జనులు ఒప్పుకొనినట్టే చేసిరి. ఆమేన్ అనిన నోరు ఆ దినమున అప్పుపత్రమును విడిచిపెట్టెను.

మన గ్రామములలో కాగితముమీద వ్రాసినదేదో తెలియక వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొనినవారిని మనమెరుగుదుము. ఆమేన్ కూడ వేలిముద్ర వంటిదే. అందుచేతనే పౌలు, చెప్పినది గ్రహింపలేనివాడు ఆమేన్ అని ఎట్లు పలుకునని అడుగుచున్నాడు (1 కొరింథీ. 14:16). ప్రార్థించువారు అందరికి తెలియు మాటలతో ప్రార్థింపవలెను. వినువారు మనస్సుపెట్టి వినవలెను. విధవరాలి నిమిత్తము ఆదివారము చేసిన ప్రార్థనకు ఆమేన్ అని, సోమవారము ఆమెకు రావలసిన కూలి తగ్గించి ఇచ్చినయెడల, మన వేలిముద్రను మనమే కాదనుచున్నాము. ప్రభువు నేర్పిన ప్రార్థనకు ప్రతివారము ఆమేన్ అనుచు, అన్నదమ్ముని గుమ్మము తొక్కక ఏండ్లు గడుపువారి సంగతియు అంతే.

అయితే, ఇంత బరువైన మాటను మనము ఎట్లు పలుకగలము? ఇతరులు చెప్పినదాని చివర జనులు ఆమేన్ అనుట వాడుక. మన ప్రభువైతే తన మాటలకు మొదటనే ఆమేన్ పెట్టి పలికెను. యోహాను సువార్తలో ఈ మాట జంటగా 25 మారులు వచ్చుచున్నది. మన బైబిలులో ఆ చోట్ల నిశ్చయముగా అని చదువుచున్నాము. తాను పలుకుదానికి తానే పూచీగా నిలిచి ఆయన మాటలాడెను. సిలువవరకు ఆ పూచీ తప్పలేదు. ప్రకటన 3:14లో ఆమేన్ అనునది ఆయన పేరే ఆయెను. దేవుని వాగ్దానములన్నియు ఆయనయందు నిశ్చయమైనవనియు, మన ఆమేన్ ఆయన ద్వారానే దేవునికి చేరుచున్నదనియు పౌలు వ్రాయుచున్నాడు (2 కొరింథీ. 1:20). మోషే చేతులవలె మన చేతులును అలసి వాలిపోవును; అయినను ఆదుకొనువాడు మనకు కలడు.

కాబట్టి ఈ నెల ప్రతి ప్రార్థన చివర ఆమేన్ అనుటకు ముందు, అడిగినదానిలో మనము చేయవలసినదేదో తలంచుకొందము. ఎవరికైనను తిరిగి ఇయ్యవలసినది, ఎవరితోనైనను సమాధానపడవలసినది ఉన్నయెడల, ఇంటికి పోవు త్రోవలోనే ఆ పనికి పూనుకొందము. అందుకు ప్రభువు మనకు బలము దయచేయును గాక. ఆమేన్.