నూనె కనరకుండా: గానుగ దగ్గర నేర్చిన పాఠాలు

1. అచ్చంపేట, కల్వకుర్తి పల్లీ శ్రీశైలం రోడ్డు మీదుగానే మా కందుకూరుకు వస్తుంది. బస్తా విప్పగానే నాలుగు గింజలు నోట్లో వేసుకోండి. పటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టే. బూజు పట్టినవి ఏరి పారేయాల్సిందే. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషాన్ని నూనెలో వేసే ఏ ఆకూ విరవదు.

2. గానుగ దిగిన నూనెను వెంటనే సీసాల్లో పోయొద్దు. మడ్డి అడుక్కి దిగాక పైనూనె వంచుకోవాలి. తడి దాక్కునేది మడ్డిలోనే.

3. నిలువ గుణంలో నువ్వుల నూనెకు మంచి పేరుంది. నువ్వుల్లో సెసమిన్, సెసమోలిన్ ఉంటాయి. వేడి తగిలితే సెసమోలిన్ నుంచి సెసమాల్ పుడుతుంది. గాలి సోకి నూనె చెడకుండా కాపు కాసేది అదే. ఆవకాయకు పెద్దవాళ్లు నువ్వుల నూనె వాడింది రుచికొక్కదానికే కాదు. పల్లీ నూనెలో విటమిన్ ఈ ఉంది గానీ సెసమాల్ లేదు. అందుకే మా ఇంట్లో పల్లీ నూనెలో కాస్త తాజా నువ్వుల నూనె కలుపుతాం.

4. "మామయ్యా, సీసాలో రెండు కరివేపాకు రెబ్బలు వేస్తే నిలువ ఉంటుందట గదా?" అంది మా కోడలు. కరివేపాకులో ఆ గుణం ఉన్న మాట నిజమే. వెన్న కాచేటప్పుడు తమలపాకో మునగాకో వేసేదీ అందుకే. కానీ అక్కడ నీరంతా మరిగిపోతుంది. పచ్చి ఆకు సీసాలో వేస్తే నూనెలోకి నీళ్లు పోసినట్టే. కొంచెం నూనె కాచి, అందులో ఆకు చిటపట ఆగేదాకా వేయించి, చల్లారాక వడగట్టి కలపండి. పచ్చి వెల్లుల్లి మాత్రం నూనెలో వేసి నిలువ పెట్టొద్దు. బొటులిజం ప్రాణం మీదికి తెస్తుంది.

5. రాగి, కళాయి లేని ఇత్తడి వద్దు. స్టీలు డబ్బా, జాడీ మేలు. మూతి దాకా నింపి చీకట్లో పెట్టండి.

6. ప్యాకెట్ వెనక 319 అని ఉంటే అది టీబీహెచ్‌క్యూ, కృత్రిమం. 307 విటమిన్ ఈ, 392 రోజ్‌మేరీ ఆకు సారం. ఏదైనా సరే, కనరు వాసన వచ్చాక వేస్తే దండగ.

7. మామూలు పల్లీ కంటే ఒలీక్ ఆమ్లం ఎక్కువున్న పల్లీ నూనె చాలాకాలం నిలుస్తుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పాలుపంచుకున్న గిర్నార్-4, గిర్నార్-5 రకాల నూనెలో ఆ ఆమ్లం దాదాపు 80 శాతం ఉంటుంది. ఆ రకాలు 2020లో విడుదలయ్యాయి. పల్లీ వేసే రైతులారా, ఈసారి విత్తనం కొనేటప్పుడు ఆ రెండు పేర్లూ అడగండి.