ఒక్క వాక్యం ఇచ్చి వ్యాసం రాయమంటే...

తెలుగు ప్రశ్నపత్రంలో ఒక వాక్యం ఇచ్చి, దాని ఆధారంగా కావ్యాన్ని విశ్లేషించమంటారు. చూడగానే మనలో చాలామందికి గైడులోని కవి పరిచయం గుర్తొస్తుంది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బిరుదులు, రచనలు రాసేసరికి రెండు పేజీలు నిండుతాయి. అడిగినదానికి జవాబు మాత్రం మొదలే కాదు. మార్కులు తగ్గేది అక్కడే.

సందర్భసహిత వ్యాఖ్యలో ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చెప్పి భావం రాస్తాం. వ్యాసం అలా కాదు. ఇచ్చిన వాక్యం ఒక అభిప్రాయం. అది ఎంతవరకు నిజమో కావ్యం నుంచే నిరూపించాలి.

గుర్రం జాషువా (1895-1971) ‘గబ్బిలం’ తీసుకుందాం. 1941లో వచ్చిన ఈ కావ్యం మీద మనమే ఒక ప్రశ్న తయారుచేసుకుందాం: “గబ్బిలం పేరుకే సందేశకావ్యం, నిజానికి అది ఫిర్యాదు. చర్చించండి.”

1. వాక్యాన్ని విడదీయాలి. సందేశకావ్యం, ఫిర్యాదు అనేవి ముఖ్యమైన మాటలు. అసలు మెలిక ‘పేరుకే’ అన్న మాటలో ఉంది. దాన్ని ఒప్పుకుంటామా, లేదా?

2. మన అభిప్రాయం మొదటి పేరాలోనే చెప్పాలి. ఉదాహరణకు: “ఇది ఫిర్యాదే. అయితే సందేశకావ్య రూపం పేరుకు పెట్టుకున్నది కాదు. ఆ రూపం వల్లనే ఫిర్యాదుకు బలం వచ్చింది.”

3. ఆధారాలు చూపాలి. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. ఇక్కడ అంటరానివాడని దూరం పెట్టిన పేదవాడు శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. యక్షుడి శాపానికి ఏడాది గడువు ఉంది, ఇతని వెలికి గడువే లేదు. అపశకునమని జనం తరిమే గబ్బిలం గుడిలో వేలాడగలదు, మనిషి గడప దాటలేడు. పూజారి లేని వేళ చూసి దేవుడి చెవిలో చెప్పమంటాడు. ప్రతి ఆధారం తరువాత “దీనివల్ల తేలేదేమిటి?” అన్నదానికి ఒక వాక్యం రాయాలి.

4. ఎదుటి వాదనా రాయాలి. ఫిర్యాదే అయితే దారిలోని ప్రదేశాలను, వాటి గత వైభవాన్ని ఎందుకు వర్ణించాడు? ఇది ఈ నేలను ప్రేమించేవాడి ఫిర్యాదు కాబట్టి అని జవాబు చెప్పవచ్చు.

గడప దగ్గర ఆగిపోవడమంటే ఏమిటో మన హాస్టళ్లలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అనుభవం ఉన్నవాళ్లకు ఈ కావ్యం త్వరగా అందుతుంది. అది మన బలం. కానీ పేపరు దిద్దేవారు చూసేది మన బాధను కాదు, కావ్యంలో మనం చూపించిన దాన్ని. ఆధారం పక్కన నిలబడిన కోపం విశ్లేషణ అవుతుంది. ఆధారం లేని కోపం ఉపన్యాసమై పోతుంది.

పద్యం పూర్తిగా గుర్తు లేకపోతే తప్పుగా రాయవద్దు. భావాన్ని మన మాటల్లో చెబితే చాలు. అరగంట వ్యాసానికి మొదటి ఐదు నిమిషాలు ఆలోచనకు, చివరి ఐదు దిద్దుకోవడానికి ఉంచుకోవాలి.

స్టడీ అవర్‌లో నలుగురం కూర్చుని వారానికి ఒక వాక్యం తీసుకుందాం. అభిప్రాయం ఒకటి, ఆధారాలు మూడు రాసి, ఒకరి కాగితం ఒకరు దిద్దుదాం. గైడు లేకుండా రాయగలమన్న ధైర్యం అలాగే వస్తుంది.