సెలవుల్లో మ్యూజియానికి వెళ్తున్నారా? పిల్లలతో ఇలా చూడండి



శాతవాహనులు, అమరావతి స్తూపం గురించి మన పిల్లలు సోషల్‌లో చదువుతారు. ప్రశ్న ఇస్తే జవాబు చక్కగా రాస్తారు. కానీ "ఆ శిల్పం ఎంత పెద్దగా ఉంటుంది?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పుస్తకంలో అది అగ్గిపెట్టెంత ఫొటో మరి!

ఆ శిల్పాలను కళ్లారా చూడటానికి మన కోట నుంచి చెన్నై వెళ్తే చాలు. గూడూరులో రైలెక్కితే రెండు మూడు గంటల ప్రయాణం. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. దేశంలోని చాలా పాత మ్యూజియాల్లో ఇదొకటి.

అన్నీ చూడాలనుకోకండి. రెండు చాలు.

1. నలగిరి ఏనుగు: అమరావతి నుంచి తెచ్చిన గుండ్రటి శిల్పం ఇది. ఒక పక్క మదపుటేనుగు వీధిలో మనుషుల మీద పడుతుంటుంది. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. పైన కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. "ఏనుగులు ఎన్ని?" అని పిల్లల్ని అడగండి. రెండు అంటారు. కథ తెలిశాక ఒకటే అని వాళ్లే చెబుతారు. ఒకే రాయి మీద ముందు జరిగింది, తర్వాత జరిగింది రెండూ చెక్కాడు శిల్పి.

2. తిరువాలంగాడు నటరాజు: చోళుల కాలపు కంచు విగ్రహం. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దానికి మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడతారు. అందుకే ఒక అచ్చుతో ఒక్క విగ్రహమే వస్తుంది. ఈ పద్ధతి తెలిసిన పిల్లలు ఆ విగ్రహం ముందు ఇంకాస్త సేపు నిలబడతారు.

అమరావతి గ్యాలరీలో మీ పిల్లలు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు: "ఇవి మనవి కదా, ఇక్కడెందుకున్నాయి?" దయచేసి దాటేయకండి. 18వ శతాబ్దం చివర్లో స్తూపం దిబ్బను ఇళ్ల రాళ్ల కోసం తవ్వారు. కొన్ని పలకల్ని కాల్చి సున్నం చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తీసుకెళ్లడం వల్ల మిగిలాయా? మిగిలినవి తిరిగి రావాలా? ఇంట్లో వాదించుకోవాల్సిన మాట ఇది. పరీక్షలో దీనికి మార్కులు లేవు. కానీ సొంతంగా ఆలోచించడం ఇలాంటి చోటే మొదలవుతుంది.

మన నెల్లూరు సంగతే చూడండి. అదే 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి చిన్న కుండ తగిలింది. అందులో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు! మన తీరానికి రోముతో ఉన్న వర్తకానికి సాక్ష్యాలవి. పాత బంగారంగా అమ్ముడుపోయి చాలావరకు కరిగిపోయాయి, కొన్ని మాత్రమే మిగిలాయి. మ్యూజియం ఎందుకో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

వెళ్లేముందు:
- శుక్రవారం సెలవు. ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో ముందే కనుక్కోండి.
- పిల్లల చేతికి ఫోన్ బదులు నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. నచ్చిన ఒక్క వస్తువు బొమ్మ గీస్తే చాలు.
- వీలైతే తాతయ్యను, నానమ్మను తీసుకెళ్లండి. పాత పాత్రలు, ఆయుధాల పేర్లు మా కంటే వాళ్లకే బాగా తెలుసు.
- అక్కడ తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లిష్ మేం క్లాసులో నేర్పుతాం. ఇంట్లో తెలుగులో అర్థమైన విషయాన్ని పిల్లలు ఇంగ్లిష్‌లో సులువుగా రాస్తారు.

చెన్నై కుదరకపోతే ఈ ఆదివారం ఇంట్లోనే మొదలుపెట్టండి. అటక మీది ఇత్తడి బిందెనో, పాత కాటా రాళ్లనో దించండి. అది ఎవరిది, ఎప్పటిది, దేనికి వాడారు? మూడు వాక్యాలు రాయించి, సెలవుల తర్వాత క్లాసుకు పంపండి. ఆ పేజీలను క్లాసు గోడ మీద పెడతాం.