సరౌండ్ సౌండ్: డాల్బీ, డీటీఎస్, అట్మాస్

5.1 అన్న అంకెలో 5 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, శ్రోతకు ఇరుపక్కలా ఉండే రెండు స్పీకర్లు. 1 అంటే 120 హెర్ట్జ్‌ లోపలి మంద్ర ధ్వనులకు కేటాయించిన ఛానల్. దీన్ని సబ్‌వూఫర్ వినిపిస్తుంది. సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోనే వస్తాయి కాబట్టి, ఖర్చు తగ్గించుకోవాలన్నా దాని నాణ్యతలో రాజీ పడకూడదు.

డాల్బీ డిజిటల్ 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో, డీటీఎస్ 1993లో 'జురాసిక్ పార్క్'తో థియేటర్లకు వచ్చాయి. డీవీడీలో మొదటిది సెకనుకు గరిష్ఠంగా 448 కిలోబిట్లు, రెండోది సుమారు 1,509 కిలోబిట్లు వాడుతుంది. అంకె పెద్దదైనంత మాత్రాన డీటీఎస్ మెరుగని తేల్చకూడదు. కుదింపు పద్ధతులు వేరు, అసలు మిక్సింగ్ నాణ్యతే ముఖ్యం. బ్లూరే డిస్కుల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలు మూల ధ్వనిలో ఏదీ కోల్పోవు.

2012లో 'బ్రేవ్'తో వచ్చిన డాల్బీ అట్మాస్ ఛానళ్లతో పాటు ఒక్కో శబ్దాన్ని విడి వస్తువుగా, దాని స్థానంతో సహా నమోదు చేస్తుంది. అందుకే వాన చప్పుడు నెత్తిమీద నుంచే వినిపిస్తుంది. 7.1.4లో చివరి 4 పైకప్పు స్పీకర్లు. ఇదే కోవకు చెందిన డీటీఎస్:ఎక్స్ 2015లో వచ్చింది. 'ఆర్ఆర్ఆర్' (2022) అట్మాస్‌లో విడుదలైంది. ఓటీటీల్లో అట్మాస్ సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో అందుతుంది. టీవీ ద్వారా ట్రూహెచ్‌డీ రిసీవర్‌కు చేరాలంటే ఈఆర్క్ (టీవీ నుంచి ధ్వనిని రిసీవర్‌కు పంపే సదుపాయం) ఉన్న హెచ్‌డీఎంఐ అవసరం.

ఇంట్లో ఇలాంటి సిస్టమ్ ధ్వని పెంచేముందు గుర్తుంచుకోవాలి, మన దేశంలోని అపార్ట్‌మెంట్లలోనూ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు వర్తిస్తాయి: నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి.