బందరు రాదారి

హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది. మూసీ నదిపై పురానాపూల్ వంతెనను 1578లోనే నిర్మించారు. అంటే నగరం కంటే వంతెన పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ కోట నుంచి మచిలీపట్నం రేవుకు సాగే బాట ఆ వంతెన మీదుగా నదిని దాటి తూర్పుకు పోయేది. కోటలో జనం కిక్కిరిసి నీటికి ఇబ్బంది ఏర్పడిన కాలంలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి ఎన్నుకొన్న స్థలం ఈ బాట మీదనే ఉంది. నాలుగు దిక్కుల దారులు కలిసే కూడలిలో చార్మినార్ నిలిచింది. నగరాన్ని కట్టి, ఆ తరువాత దానికి దారి వేస్తారని సాధారణంగా అనుకొంటాం. ఇక్కడ దారి ముందు పుట్టింది, నగరం తరువాత పుట్టింది.

ఆ బాట మీద నడిచినది ముఖ్యంగా వర్తకం. తీరాంధ్రపు అద్దకపు వస్త్రాలు, గోల్కొండ రాజ్యపు వజ్రాలు బందరు రేవు చేరి పర్షియాకు, ఆగ్నేయాసియా దేశాలకు ఓడలెక్కేవి. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ మార్గాన ప్రయాణించి తన యాత్రాగ్రంథంలో దానిని వర్ణించాడు. వర్తకుల బిడారులు దిగే చోటు కార్వాన్ అయింది. నగరానికి తూర్పున బాటసారుల కోసం మసీదును, దాని చుట్టూ విడిదిగదులను కట్టిన చోటు హయాత్ బక్షీ బేగం పేరున హయత్‌నగర్ అయింది. ఊళ్ల పేర్లను పరిశీలించేవారికి ఇటువంటి ఆనవాళ్లు ఎన్నో దొరుకుతాయి. ‘పేట’ అనే మాటకే అంగడి వీధి అని అర్థం. భానుపురి అని పిలిచిన ఊరు సూర్యాపేట కావడంలో ఎంత చరిత్ర ఇమిడి ఉందో!

స్వాతంత్ర్యానంతరం ఈ బాట తొమ్మిదవ నంబరు జాతీయ రహదారిలో భాగమైంది. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే ఈ రహదారికి 2010లో 65వ నంబరు ఇచ్చారు. నంబరు ఏదైనా, హైదరాబాదు ఆకారాన్ని దిద్దిన చెయ్యి ఇదే. పశ్చిమాన రామచంద్రాపురంలో 1960ల దశకంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరువులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఏర్పడ్డాయి. వాటి వెంట పారిశ్రామికవాడలు, వాటి వెంట కార్మికుల కాలనీలు వచ్చాయి. కూకట్‌పల్లి ఊరు నగరంలో కలిసిపోయింది. తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం మీదుగా ఇళ్లు హయత్‌నగర్‌ను తాకాయి. ఒకనాటి విడిది నేడు నగరంలో ఒక పేట. మెట్రో రైలు తొలి మార్గాన్ని మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు వేసినప్పుడు ఇంజనీర్లు చాలావరకు ఈ రహదారినే అనుసరించవలసి వచ్చింది. జనం అప్పటికే ఆ గీత మీద స్థిరపడి ఉన్నారు మరి.

ఈ పెరుగుదలకు మూల్యం లేకపోలేదు. పటాన్‌చెరువు ప్రాంతపు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, చెరువులను, పంటభూములను పాడుచేశాయి. రహదారి పరిశ్రమను తెచ్చింది. పరిశ్రమ విడిచిన నీరు మాత్రం దారిని విడిచి పల్లెల వైపు పారింది. రహదారి మేలును లెక్కించే పట్టికల్లో ఈ నష్టం కనిపించదు.

దారి ఒక ఊరిని ఎలా లేపుతుందో తెలుసుకోవడానికి సూర్యాపేట మంచి ఉదాహరణ. ఈ పట్టణానికి రైల్వే స్టేషను లేదు. రైలు మార్గం నల్లగొండ గుండా పోయింది, జాతీయ రహదారి సూర్యాపేట గుండా పోయింది. హైదరాబాదు, విజయవాడల నడిమి దూరంలో ఉండడం వల్ల బస్సులు, లారీలు ఇక్కడ ఆగక తప్పదు. బండి ఆగిన చోట ఫలహారశాల వెలుస్తుంది, దాని పక్కన టైర్లకు గాలి కొట్టే దుకాణం, ఆ వెనుక మెకానిక్కు షెడ్డు, మరికొంత కాలానికి ధాన్యపు వ్యాపారి గిడ్డంగి. జిల్లా కచేరీలన్నీ నల్లగొండలో ఉన్న కాలంలోనే సూర్యాపేట వ్యాపార కేంద్రంగా ఎదిగింది. 2016లో అది కూడా జిల్లా కేంద్రమైంది.

అయితే రహదారి అందరినీ సమానంగా చూడదు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారుల పొడవు 5,846 కిలోమీటర్లు. వాటి ప్రభావాన్ని పరిశీలించిన ఘనీ, గోస్వామి, కెర్ అనే ఆర్థికవేత్తలు ఒక విశేషాన్ని గుర్తించారు. రహదారికి పది కిలోమీటర్ల లోపు ఉన్న జిల్లాల్లో పారిశ్రామికోత్పత్తి బాగా పెరిగింది. పది నుంచి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లాల్లో అటువంటి పెరుగుదల కనిపించలేదు. లారీల మోత వినిపించేంత దగ్గరలో ఉన్నా, దారికి ఎడంగా ఉన్న ఊరికి దక్కేది స్వల్పమే.

ఊరి నడుమ నుంచి పోయే రహదారికి ఒక చిక్కు ఉంది. దూరప్రయాణం చేసే లారీ, బడికి నడిచిపోయే పిల్లవాడు అదే దారిని వాడుకోవాలి. ఒకరికి వేగం కావాలి, మరొకరికి ఆగే చోటు కావాలి. విజయవాడ బెంజిసర్కిల్‌లో ఈ ఘర్షణను దశాబ్దాలపాటు చూశారు. చెన్నై–కోల్‌కతా రహదారి, బందరు రోడ్డు ఖండించుకొనే ఆ కూడలి చుట్టూ నగరం మూసుకొనిపోయింది. 2020, 2021 సంవత్సరాల్లో అక్కడ పైవంతెనలు ప్రారంభించవలసి వచ్చింది. ఊరి బయట నుంచి వేసే బైపాసు కూడా తాత్కాలిక ఉపశమనమే. పదేళ్లు తిరిగేసరికి దాని ఇరువైపులా దుకాణాలు లేస్తాయి, ఊరు దానిని మింగుతుంది, మరో బైపాసు కావాలని కోరతారు.

దీనికి విరుగుడుగానే ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీలులేని రహదారి వచ్చింది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పొడవు 158 కిలోమీటర్లు, వరుసలు ఎనిమిది. 2008లో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం తెరుచుకోగా, 2018 నాటికి వలయం పూర్తయింది. దీని మీదికి కొన్ని కూడళ్ల వద్ద మాత్రమే ప్రవేశం ఉంటుంది. కనుక ఇక్కడ నగరం తాడులా సాగలేదు, కూడళ్ల చుట్టూ గుత్తులుగా పెరిగింది. నానక్‌రాంగూడ, కోకాపేటలు అలా లేచినవే. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. పాత బందరు దారి ఈ వలయాన్ని పెద్ద అంబర్‌పేట దగ్గర కలుస్తుంది. 2025 చివరిలో వలయం లోపలి, దాని పరిసరాల పురపాలక సంఘాలను మహానగరంలో విలీనం చేశారు. వాహనాల కోసం గీసిన గీత ఈ విధంగా నగరపు పొలిమేర అయింది.

వలయానికి వెలుపల మరొక వలయాన్ని ప్రతిపాదించారు. దాని ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి బయలుదేరి చౌటుప్పల్ వద్ద విజయవాడ రహదారిని చేరుతుంది. 2022, 2023 సంవత్సరాల్లో భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతాల రైతులు తమ పొలాల గుండా ఈ మార్గం వద్దని ఆందోళన చేశారు. అంతకు ముందే వేరే రహదారి విస్తరణకు, కాలువలకు భూమి ఇచ్చినవారు వారిలో ఉన్నారు. పట్టా ఉన్నవారికి పరిహారమైనా దక్కుతుంది. కౌలు చేసేవాని పేరు, కలుపు తీసే కూలీ పేరు చాలాసార్లు ఆ కాగితాల్లో ఉండవు. నష్టపరిహారం అందుకొన్న రైతుకు కూడా అదే ధరకు అదే మండలంలో మరో ఎకరం దొరకడం కష్టం. రోడ్డు వస్తుందన్న వార్తకే చుట్టుపక్కల భూముల ధరలు పెరిగిపోయి ఉంటాయి.